రన్నింగ్ బ్లౌజు ఎక్కడికి పరిగెడతాది?

మా పిన్ని ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ దగ్గరున్న బరంపురంలో ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తుంది, పెద్ద షాపేం కాదు, ముందు గదిలో రెండు బీరువాలు, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం మీద చీర పరిచి ఫోటో తీసి, కింద ధర, రంగు, "విత్ రన్నింగ్ బ్లౌజ్" అని పెడుతుంది. మొన్న ఇచ్ఛాపురం నుంచి కొత్తగా చేరిన ఒక పెద్దావిడ వాయిస్ మెసేజ్ పెట్టింది, "అమ్మా, చీర బాగుంది గానీ ఈ రన్నింగ్ బ్లౌజేటి, బ్లౌజు ఎక్కడికి పరిగెడతాది?" అని. పిన్ని పది నిమిషాలు నవ్వి ఆ మెసేజ్ నాకు పంపింది, "ఇంగ్లీషు ఎమ్మే సదివినావు గదా, నువ్వే సెప్పు" అని.

జవాబు ఒక్క ముక్కే. చీర నేసేటప్పుడు చివర్న అదే గుడ్డ ఇంకో ఎనభై సెంటీమీటర్లో మీటరో ఎక్కువ నేసి వదిలేస్తారు, దాన్ని కత్తిరించి జాకెట్టు కుట్టించుకోవాలి, విడిగా ముక్క ఇవ్వరు. ఆవిడకి అదే చెప్పాను, అర్థమయ్యింది. కానీ నాకే అర్థం కాలేదు, దాన్ని రన్నింగ్ అని ఎందుకంటారు అసలు? అప్పట్నుంచి చెవి అటే పోయింది, ఎక్కడ చూసినా రన్నింగే. మేస్త్రీ గోడకి లెక్క కట్టేది రన్నింగ్ అడుగుల్లో. టైలరు వేసేది రన్నింగ్ కుట్టు. కాలేజీలో మేం రాసుకున్నవి రన్నింగ్ నోట్సు. రైలు డ్రైవర్లు డ్యూటీ దిగి పడుకునే చోటు పేరు రన్నింగ్ రూమ్, అక్కడ అందరూ గురక పెట్టి నిద్రపోతుంటారు. కాంట్రాక్టర్లకి పని సాగుతుండగా మధ్యమధ్యలో ఇచ్చేది రన్నింగ్ బిల్లు, అందులో పరిగెత్తేది ఎవరైనా ఉంటే బిల్లు పాస్ చేయించుకోడానికి తిరిగే కాంట్రాక్టరొక్కడే. వీటిల్లో దేనికీ కాళ్ళు లేవు, మరి పరుగెక్కడ్నుంచి వచ్చింది?

ఇక్కడే మనకి స్కూల్లో జరిగిన మోసం గురించి చెప్పాలి. రన్ అంటే పరిగెత్తుట అని ఒకటో క్లాసులో బట్టీ పట్టించారు, బొమ్మ కూడా నిక్కరేసుకున్న కుర్రాడు పరిగెడుతున్నదే ఉంటుంది. అది అబద్ధం కాదు గానీ పదంలో ఒక మూల మాత్రమే. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్ళు రన్ అనే క్రియకి ఎన్ని అర్థాలు లెక్కేశారో తెలుసా, 645. పీటర్ గిలివర్ అనే అక్కడి ఎడిటరు ఈ ఒక్క మాట మీద సుమారు తొమ్మిది నెలలు కూర్చున్నాడట. ఆ డిక్షనరీ మొదటి భాగం 1884లో వచ్చి మొత్తం పూర్తయ్యేసరికి 1928 అయ్యింది, అప్పట్లో అన్నిటికంటే పొడుగైన ఎంట్రీ సెట్ అనే మాటది. 2000లో ఎమ్ అక్షరం నుంచి తిరగరాయడం మొదలెట్టి ఆర్ దాకా వచ్చేసరికి రన్ దాన్ని దాటేసింది. ఎందుకు దాటిందంటే యంత్రాలు వచ్చాయి, ఆవిరి ఇంజన్లు, రైళ్ళు, ఫ్యాక్టరీలు, తర్వాత కంప్యూటర్లు, వచ్చిన ప్రతి యంత్రమూ ఇంగ్లీషులో రన్ అయ్యేదే, సెట్ పాపం పెట్టిన చోట కూర్చునే మాట.

కానీ 645 అర్థాలు కంఠస్థం చేసేవాడు ఎవడూ లేడు, ఇంగ్లీషు పిల్లలు కూడా చెయ్యరు, వాళ్ళకి లోపల ఒక బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మ నుంచి మిగతావన్నీ పుట్టుకొస్తాయి. మనకి నేర్పిన బొమ్మ కాళ్ళది. నాకు అర్థమైనంతలో సరైన బొమ్మ నీళ్ళది.

వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఈ మాట రిన్నన్. మనిషి పరిగెత్తడానికీ అదే, నీళ్ళు పారడానికీ అదే. దాని చుట్టం జర్మన్ భాషలో రిన్నెన్ అని ఇప్పటికీ ఉంది, దానర్థం ధారగా కారడం, పారడం, మనుషుల పరుగుకి వాళ్ళు రెన్నెన్ అని ఇంకో రూపం వాడతారు. ఇంగ్లీషులో చిన్న వాగుని రన్నెల్ అంటారు. ఇంకా వెనక్కి పోతే ఇండో యూరోపియన్ భాషలన్నిటికీ కలిసి ఒక ధాతువు దొరుకుతుంది, దానర్థం పారడం, ప్రవహించడం. లాటిన్‌లో వాగుకి రైవస్, రష్యన్‌లో నదికి రెకా, ఇవన్నీ అక్కడివే అంటారు. సంస్కృతంలో అయితే రీతి. అవును, మనం "ఈ రీతిగా" అంటాం చూడండి, ఆ రీతే. మొదట దానర్థం ప్రవాహం, ధార, తర్వాత పోయే దారి, తర్వాత పద్ధతి, కావ్యాలు చదివినవాళ్ళు వైదర్భీ రీతి, గౌడీ రీతి అంటుంటారే, శైలి అనే అర్థంలో, అదంతా నీటి మాటే. ఆ లెక్కన రన్నూ రీతీ దూరపు అక్కాచెల్లెళ్ళు, ఒకరు లండన్‌లో స్థిరపడ్డారు, ఒకరు మన పద్యాల్లో.

లాటిన్ రైవస్ సంగతి మా బోర్డర్ వాళ్ళకి ఇంకా బాగా తగులుతుంది. ఒకే వాగు నీళ్ళు వాడుకునేవాళ్ళని లాటిన్‌లో రైవాలిస్ అన్నారు, దాన్నుంచే రైవల్, అంటే ప్రత్యర్థి. ఒక కాలువ కింద పొలాలున్న ఇద్దరు రైతుల్ని చూసినవాడికి ఈ మాట ఎలా పుట్టిందో విడమర్చి చెప్పక్కర్లేదు. వంశధార ఒడిశాలో పుట్టి గుణుపురం పక్కనుంచి వచ్చి శ్రీకాకుళం జిల్లాలో పారి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది, దాని నీళ్ళ మీద రెండు రాష్ట్రాలకీ 1962లో ఒప్పందమైంది, మళ్ళీ తగువొచ్చింది, 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో 115 టీఎంసీలు చెరిసగం అని తీర్పొచ్చింది. అచ్చమైన పాత అర్థంలో రైవల్స్ అంటే అవి. డిరైవ్ అనే మాటా ఇక్కడిదే, వాగు నుంచి పక్కకి కాలువ తియ్యడం. అయితే ఒక చోట జాగ్రత్త, రివర్ అనే మాట కూడా ఈ కుటుంబమే అనుకుని నేను చాన్నాళ్ళు తిరిగాను, కాదు, అది లాటిన్‌లో ఒడ్డు అనే మాట నుంచి వచ్చింది. నదికి పేరు గట్టు నుంచొచ్చింది, ప్రత్యర్థికి పేరు నీళ్ళనుంచొచ్చింది, భాషలకి ఇలాంటి తిక్కలుంటాయి.

ఇప్పుడు నీళ్ళ బొమ్మ పెట్టుకుని రన్నింగ్ బ్లౌజు దగ్గరికి రండి. నీళ్ళ గుణమేంటి, తెగకుండా సాగడం. చీర ఎక్కడా తెగకుండా సాగి బ్లౌజయ్యింది, రన్నింగ్ బ్లౌజు. గోడ ఎత్తూ మందం వదిలేసి పొడుగ్గా సాగినంత మేర కొలిస్తే రన్నింగ్ అడుగులు. దారం తెంచకుండా పైకీ కిందకీ పోతే రన్నింగ్ కుట్టు. లెక్చరరు ఆగకుండా చెప్పుకుపోతుంటే మనం ఆగకుండా రాసుకుపోతే రన్నింగ్ నోట్సు. పని అయిపోయాక ఒకేసారి ఇచ్చేది ఫైనల్ బిల్లు, పనితోపాటే పారుతూ వచ్చేది రన్నింగ్ బిల్లు, అది వచ్చినప్పుడు సంగతి అనుకోండి.

అసలు నాకు బుర్ర తిరిగింది ఇంకో చోట. రన్‌కి తెలుగు మాట పరిగెత్తు అని మనం అనుకుంటున్నాం గానీ నిజంగా దాని కవల మన దగ్గర వేరే ఉంది, పారు. నీళ్ళు పారతాయి, దొంగ పారిపోతాడు. ఒకే మాట, అటు ప్రవాహం, ఇటు పరుగు. పాత తెలుగులో బండి ర తో పాఱు అని రాసేవాళ్ళు, పరిగెత్తడం అని కూడా దానర్థం. అంతటితో ఆగలేదు, "వాడి పాచిక పారలేదు" అంటాం కదా, పాచికకి కాళ్ళూ లేవు నీళ్ళూ లేవు, అనుకున్నట్టు పని చేసిందా లేదా అనే అర్థం. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ప్రోగ్రాం రన్ అవ్వలేదని మొహం వేలాడేసుకుంటే వాళ్ళ తాత చూసి "పాచిక పారలేదేట్రా" అన్నాడనుకోండి, మాటకి మాట సరిపోయినట్టే. ఇంగ్లీషు వాళ్ళకీ మనకీ ఏ చుట్టరికమూ లేదు, వాళ్ళ భాష వేరు కుటుంబం, మనది ద్రావిడం, అయినా నీళ్ళు చూసి పరుగు అనుకోవడం ఇద్దరికీ తోచింది.

తేడా ఏంటంటే వాళ్ళు రన్‌ని అన్ని పనులకీ వాడేశారు, మనం పారుని పొలానికీ పారిపోవడానికీ ఉంచి మిగతా పనులు వేరేవాళ్ళకి పంచాం. బస్సు నడుస్తుంది, కొట్టు నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది. సినిమా ఆడుతుంది, పిండిమిల్లు ఆడుతుంది, గానుగ ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, పంట చేతికొచ్చిన నెలలో చేతిలో డబ్బు కూడా ఆడుతుంది. ముక్కు కారుతుంది. ఇంగ్లీషులో వీటిల్లో చాలావాటికి రన్ ఒక్కటి చాలు. మా పక్కింటి ఒడియా మాస్టారిని అడిగితే వాళ్ళకి చాలిబా అన్నారు, బస్సు చాలుచి, దొకాన చాలుచి, అంటే అదీ నడకే, కాళ్ళతో పరిగెత్తడానికి దౌడిబా అని వేరే ఉంది. ఒక్క వీధిలో నిలబడితే అదే కొట్టుని తెలుగు వాళ్ళం నడిపిస్తాం, ఒడియా వాళ్ళూ నడిపిస్తారు, మాస్టారి అబ్బాయి బెంగళూరులో చదివొచ్చాడు కాబట్టి "రన్ చేస్తున్నాం అంకుల్" అంటాడు. షాపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

దీనివల్లే రైల్వే అనౌన్స్‌మెంట్ నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. ట్రైను ఎక్కడో సిగ్నల్ దగ్గర గంటన్నర నుంచి కదలకుండా పడుంటే బరంపురం స్టేషన్లో ఇంగ్లీషు గొంతు అది రన్నింగ్ లేట్ అంటుంది. పలాస వెళ్తే తెలుగు గొంతు "ఆలస్యముగా నడుచుచున్నది" అంటుంది. పరుగూ లేదు నడకా లేదు, కానీ ఇద్దరూ పేరు పెట్టింది ట్రైను కదలికకి కాదు, దాని టైమ్‌టేబుల్ సాగుతున్న తీరుకి.

ఎన్నికల మాట ఇంకా బాగుంటుంది. అమెరికాలో పదవికి రన్ అవుతారు, బ్రిటన్‌లో స్టాండ్ అవుతారు. మనం కూడా నిలబడతాం, "ఈసారి సర్పంచ్‌కి ఎవరు నిలబడ్డారు" అనే కదా అడుగుతాం. మా బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు 1969లో ఉప రాష్ట్రపతి పదవికి రాజీనామా ఇచ్చి రాష్ట్రపతి పదవికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు, అటువైపు కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు, ఆయనా తెలుగు వారే, చివరికి రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాల్సొచ్చింది, గిరి గారు గెలిచారు. అదే సంగతి అమెరికన్ పత్రిక రాస్తే గిరి రన్ అయ్యారు అని రాస్తుంది. మనకి పోటీ అంటే బరిలో కాళ్ళు ఆనించి నిలబడటం, వాళ్ళకి గుర్రప్పందెం. ఈ ఎన్నికల రన్ అమెరికాలో పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన వాడుక, వ్యాపారాన్ని రన్ చెయ్యడం కూడా ఆ శతాబ్దంలో ఆ దేశంలో ఊపందుకున్నదే.

ఇక పిల్లల్ని ఏడిపించే రన్, ర్యాన్, రన్ దగ్గరికొద్దాం. ట్యూషన్లో ప్రతి ఏడాదీ ఒకడు అడుగుతాడు, వి త్రీ మళ్ళీ వి వన్ లాగే ఎందుకుంది సార్ అని, నేను "అదంతే" అని కసిరేవాణ్ణి, తప్పు నాదే. డ్రింక్, డ్రాంక్, డ్రంక్ చూడండి, బిగిన్, బిగ్యాన్, బిగన్ చూడండి, ఇ, యా, అ అని ఒక వరస ఉంది. ఆ వరస ప్రకారం ఇది రిన్, ర్యాన్, రన్ అని ఉండాలి. ఒకప్పుడు ఉండేది కూడా, స్కాట్లాండ్ వాళ్ళ మాటలో ఇప్పటికీ రిన్ అనే అంటారు. మిగతా ఇంగ్లీషులో మధ్యలో ఎక్కడో వి వన్ వెళ్ళి వి త్రీ చొక్కా తొడుక్కుంది. అంటే మనం దొంగ అనుకుంటున్న వి త్రీ అసలు ఇంటాయన, వి వన్నే దొంగ. ఇది చెప్పిన రోజు మా ట్యూషన్లో ఒక గుంటడు "మరి పరీక్షలో రిన్ అని రాస్తే మార్కులిస్తారా" అన్నాడు. ఇవ్వరు నాయనా.

ఆ పాత రోజుల్లో ఇంకో గమ్మత్తు జరిగింది. రిన్నన్ అనే మాటని చాలామంది ఇర్నన్ అని తిరగేసి పలికేవాళ్ళు, ర ముందూ అచ్చు వెనకా ఉండాల్సింది తారుమారైంది. బర్డ్ అనే మాట కూడా ఒకప్పుడు బ్రిడ్. మనవాళ్ళు దీన్ని వర్ణవ్యత్యయం అంటారు, తెలుగు పుట్టుకలోనే ఉంది ఇది, తమిళంలో ఇరండు అంటే మనకి రెండు, వాళ్ళకి ఉరల్ అంటే మనకి రోలు, మొదట్లో ఉన్న అచ్చు ర వెనక్కి గెంతేసింది. ఇంగ్లీషు వాళ్ళది తిరిగి మామూలైపోయింది, స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో దిగిన నార్స్ వాళ్ళ భాషలో కూడా ఇదే మాట ర ముందున్న రూపంలో ఉండటం దానికి సాయపడింది అంటారు. మనం మాత్రం రెండు దగ్గరే ఆగిపోయాం.

పాత ఇంగ్లీషులో ఈ రన్ ఒక మాట కాదు, రెండు. తనంతట తాను పరిగెత్తడానికి ఒకటి, ఇంకోదాన్ని పరిగెత్తించడానికి, గుర్రాన్ని దౌడు తీయించడానికి ఒకటి. మనకి పారు, పారించు ఉన్నట్టు, ఆడు, ఆడించు ఉన్నట్టు, నడుచు, నడుపు ఉన్నట్టు. పోనుపోను ఇంగ్లీషులో ఆ రెండూ కలిసిపోయి ఒక్క రన్ మిగిలింది, మెషీనూ రన్ అవుతుంది, మనిషీ మెషీన్ని రన్ చేస్తాడు, మాట మారదు. ఇప్పుడు నేను పైన రాసిన వాక్యమే ఇంకోసారి చదవండి. అవుతుంది, చేస్తాడు. వాళ్ళు కలిపేసిన దాన్ని మనం అప్పు తెచ్చుకుని మళ్ళీ విడగొట్టుకున్నాం, ఎవరూ నేర్పకుండా, వ్యాకరణం పుస్తకం తెరవకుండా. రన్ అవ్వడం వేరు, రన్ చెయ్యడం వేరు అని మా వీధి చివర జిరాక్స్ కొట్టు కుర్రాడికి కూడా తెలుసు. తెంగ్లీషు అని తిట్టేవాళ్ళు ఈ చేయు, అవు పనిని ఒకసారి దగ్గరగా చూడాలి అని నా గొడవ.

రన్ పక్కన చిన్న మాటలు చేరితే వచ్చే అర్థాలు బోలెడు, అన్నీ చెప్పుకుంటూ పోను, ఒక్కటి మాత్రం వదల్లేను. రన్ అవుట్ అంటే అయిపోవడం, తొట్టిలో నీళ్ళు బయటికి పారిపోతే ఏమవుద్ది, ఖాళీ, అదే బొమ్మ. మనం ఇంట్లో బియ్యం అయిపోయాయి అనం, అపశకునం, "బియ్యం నిండుకున్నాయి" అంటాం. వాళ్ళకి ఖాళీ అయితే పారిపోయినట్టు, మనకి ఖాళీ అయితే నిండినట్టు. ఇది ఏ ఫారినర్‌కైనా వివరించి చూడండి, సాయంత్రం అయిపోతుంది. క్రికెట్ రన్ అవుట్ వేరు, అక్కడ నిజంగానే కాళ్ళు. క్రికెట్లో మొదట్లో పరుగుల లెక్కకి కర్ర మీద గాట్లు పెట్టేవాళ్ళు, అందుకని స్కోరుని గాట్లు అనే అనేవాళ్ళు, తర్వాత రన్స్ అయ్యాయి. ఇప్పుడు బంతి బౌండరీకి పోతే బ్యాటర్ అడుగు కదపకుండా నిలబడ్డా నాలుగు పరుగులు.

ఇదంతా పిన్నికి ఫోన్లో సగం చెప్పేసరికి "సాల్లేరా, ఆవిడ సీర తీసుకున్నాది" అంది. కానీ డబ్బు వేసే ముందు ఆవిడ ఇంకోటి అడిగిందట. క్రీమ్ చీర, ఎర్ర అంచు, ఉతికితే అంచు రంగు చీరలోకి దిగుతుందేమో అని. దాన్ని కూడా ఇంగ్లీషులో రంగు రన్ అవ్వడం అనే అంటారు అని నేను అప్పుడే పిన్నికి చెప్పి ఉన్నాను. పిన్ని వెంటనే టైప్ చేసిందట: "బ్లౌజు రన్నింగేనమ్మా, రంగు మాత్రం రన్నింగ్ కాదు. మొదటిసారి ఉప్పునీళ్ళల్లో ముంచండి."